'టీచ్' అనే మాటను తప్పు లేకుండా వాడటం: వాక్యం కట్టడం నుంచి ఇంటర్వ్యూ దాకా పూర్తి మార్గదర్శి

"మాస్టారు నాకు లెక్కలు నేర్పారు" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే చాలామంది 'సర్ టాట్ టు మి మ్యాథ్స్' అంటారు. కొందరు 'సర్ టోల్డ్ మ్యాథ్స్' అంటారు. 'సర్ టీచ్‌డ్ మి' అనేవాళ్లూ ఉన్నారు. డీఎస్సీకి, గురుకుల పోస్టులకు చదివేవాళ్లు, ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసు ఇవ్వాల్సినవాళ్లు, అమెరికా వీసా ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు పదే పదే ఇదే అడుగుతుంటే, అంతా ఒకచోట రాసిపెట్టాలనిపించింది.

ఈ మాటకు అర్థం తెలియనివాళ్లు లేరు. తప్పంతా వాక్యం కట్టడంలో వస్తుంది. తెలుగులో 'నాకు', 'నన్ను' అనగానే ఎవరు ఎవరికి చేశారో తెలిసిపోతుంది. అందుకే మాటల్ని ఎటు జరిపినా అర్థం చెడదు. 'లెక్కలు నాకు మాస్టారు నేర్పారు' అన్నా సరే. ఇంగ్లీషులో ఆ పని మాటల వరస చేస్తుంది. కాబట్టి మూడో మెట్టు మీద ఎక్కువసేపు ఉందాం. అది చేతికి వస్తే మిగతావి తేలిక.

### 1. మొదలుపెట్టే ముందు

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు.

ఎడమ పేజీలో మీ జీవితం నుంచే పది వాక్యాలు రాయండి. ఐదు మీకు ఇతరులు నేర్పినవి, ఐదు మీరు ఇతరులకు నేర్పినవి. గ్రామర్ పుస్తకంలోని వాక్యాలు వద్దు. ఇంటర్వ్యూలో మీరు చెప్పబోయేవి మీ సొంత సంగతులే కదా. ఉదాహరణకు:

- మా అమ్మ నాకు వంట నేర్పింది.
- మా బాబాయి నాకు సైకిల్ తొక్కడం నేర్పాడు.
- నేను మా అత్తయ్యకు ఫోన్‌పే వాడటం నేర్పాను.
- నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను.

ఇప్పుడు ప్రతి వాక్యంలోనూ మూడింటిని గుర్తించి గీత గీయండి:

- నేర్పింది ఎవరు?
- ఎవరికి?
- ఏమి నేర్పారు?

ఈ మూడూ విడివిడిగా కనిపించేదాకా ఇంగ్లీషు పేజీ ముట్టుకోకండి. ఈ పని విసుగ్గా అనిపిస్తుంది, కానీ దీన్ని వదిలేసినవాళ్లే మూడో మెట్టులో తడబడతారు.

ఇక్కడ ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు లిపిలో ఇచ్చాను. మీరు వాటిని పైకి చదివి, కుడి పేజీలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. స్పెల్లింగ్ సాధన కూడా అయిపోతుంది.

### 2. రూపాలు, స్పెల్లింగ్, పలకడం

ఇవి నాలుగే: టీచ్, టీచెస్, టీచింగ్, టాట్. 'టీచ్‌డ్' అనే మాట ఇంగ్లీషులో లేదు. జరిగిపోయిన దానికి 'టాట్', 'హావ్' పక్కన కూడా 'టాట్'.

'హీ', 'షీ', 'మై మదర్' లాంటివాటి పక్కన 'టీచెస్' రావాలి. చివర ఎస్ ఒక్కటే చేర్చి రాసేవాళ్లు ఎక్కువ. ఈ, ఎస్ రెండూ చేర్చాలి.

పెద్ద చిక్కు 'టాట్' స్పెల్లింగ్‌తో. అది టీ-ఏ-యూ-జీ-హెచ్-టీ. ఆలోచించాను అనే అర్థం వచ్చే 'థాట్' మాత్రం టీ-హెచ్-ఓ-యూ-జీ-హెచ్-టీ. రెంటినీ కలిపేసి రాసిన దరఖాస్తులు చాలా కనిపిస్తాయి. గుర్తు పెట్టుకునే దారి ఇది: 'టీచ్'లో ఏ ఉంది, 'టాట్'లోనూ ఏ ఉంది. 'థింక్' టీ-హెచ్‌తో మొదలవుతుంది, 'థాట్' కూడా అంతే. పుట్టిన మాటను గుర్తు తెచ్చుకుంటే స్పెల్లింగ్ దానంతట అదే వస్తుంది.

మధ్యలోని జీ, హెచ్ పలకవు. 'టాఫ్ట్' అని పలకకండి. బ్రిటన్‌లో ఆ అచ్చు కొంచెం 'ఓ' వైపు జరుగుతుంది. మనం 'టాట్' అన్నా అందరికీ అర్థమవుతుంది, దాని గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

### 3. మాటల వరస

3.1. మనిషి ముందు వస్తే 'టు' వద్దు

వరస: నేర్పినవాళ్లు, టీచ్, నేర్చుకున్నవాళ్లు, విషయం.

- మై మదర్ టాట్ మి కుకింగ్.
- సర్ టాట్ అస్ మ్యాథ్స్.
- షీ టీచెస్ మై సన్ హిందీ.

'మి', 'అస్', 'మై సన్' ముందు ఏమీ లేదని గమనించండి. తెలుగులో 'నాకు', 'మాకు', 'మా అబ్బాయికి' అని ఉంటుంది కాబట్టి ఆ 'కు', 'కి'ల స్థానంలో 'టు' పెట్టాలని చెయ్యి లాగుతుంది. పెట్టకండి. క్రియ పక్కనే మనిషి కూర్చుంటే, ఆ స్థానమే 'కి' అని చెబుతుంది.

3.2. విషయం ముందు వస్తే 'టు' తప్పనిసరి

వరస: నేర్పినవాళ్లు, టీచ్, విషయం, టు, నేర్చుకున్నవాళ్లు.

- సర్ టాట్ మ్యాథ్స్ టు అస్.
- షీ టీచెస్ తెలుగు టు చిల్డ్రన్ బార్న్ ఇన్ అమెరికా.

ఈ రెండు వరసల్లో ఏది వాడాలి? పొడుగ్గా ఉన్నదాన్ని చివర పెట్టండి. పై రెండో వాక్యంలో 'అమెరికాలో పుట్టిన పిల్లలకు' అన్నది పొడుగ్గా ఉంది, అందుకే చివరికి వెళ్లింది. మనిషి 'మి', 'హిమ్' లాంటి చిన్న మాట అయితే మొదటి వరసే సహజం. విషయం 'ఇట్' అయితే మాత్రం ఎప్పుడూ రెండో వరసే: 'హీ టాట్ ఇట్ టు మి'.

3.3. పనిని నేర్పితే 'టు' క్రియ ముందు వస్తుంది

సైకిల్ తొక్కడం, ఈత కొట్టడం, బండి నడపడం లాంటివి ఇలా చెప్పాలి:

- మై అంకుల్ టాట్ మి టు రైడ్ ఎ సైకిల్.
- ఐ టాట్ మై ఆంట్ హౌ టు యూజ్ ఫోన్‌పే.
- అవర్ గ్రాండ్‌మదర్ టాట్ అస్ నాట్ టు వేస్ట్ ఫుడ్.

ఇక్కడ 'టు' ఉంది కదా అని కంగారు పడకండి. అది మనిషికి సంబంధించింది కాదు, తర్వాత వచ్చే పనికి సంబంధించింది. మనిషి ఇప్పటికీ క్రియ పక్కనే, 'టు' లేకుండా ఉన్నాడు. దశలవారీగా చేసే పద్ధతి నేర్పితే 'హౌ టు' బాగుంటుంది. అలవాటు, ప్రవర్తన నేర్పితే ఒట్టి 'టు' చాలు.

ఇంకో సూక్ష్మం ఉంది, పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. 'ఐ టాట్ హిమ్ టు స్విమ్' అంటే వాడికి ఇప్పుడు ఈత వచ్చు అనే అర్థం ధ్వనిస్తుంది. మనం తెలుగులో 'వాడికి ఎంతో నేర్పాను, కానీ రాలేదు' అని హాయిగా అనేస్తాం. దాన్ని అలాగే దింపి 'ఐ టాట్ హిమ్ టు స్విమ్, బట్ హీ డిడ్ నాట్ లెర్న్' అంటే వినేవాళ్లకు రెండు ముక్కలూ పొసగనట్టు ఉంటుంది. అప్పుడు 'ఐ ట్రైడ్ టు టీచ్ హిమ్ టు స్విమ్' అనాలి. 'ఐ గేవ్ హిమ్ స్విమ్మింగ్ లెసన్స్' అన్నా బాగుంటుంది, క్లాసులు చెప్పానని మాత్రమే దాని అర్థం, వచ్చిందా లేదా అన్నది వేరే సంగతి.

3.4. ఒక్కటే చెప్పినప్పుడు

మూడూ చెప్పాలన్న నియమం లేదు.

- ఐ టీచ్ మ్యాథ్స్. విషయం మాత్రమే.
- ఐ టీచ్ టెన్త్ క్లాస్. నేర్చుకునేవాళ్లు మాత్రమే. అమెరికాలో అయితే 'టెన్త్ గ్రేడ్' అంటారు.
- ఐ టీచ్. ఏమీ లేదు, అయినా పూర్తి వాక్యమే. 'మీరేం చేస్తుంటారు?' అన్న ప్రశ్నకు చక్కని జవాబు.

చోటు చెప్పాలంటే, సంస్థ పేరు ముందు 'ఎట్', ఊరి పేరు ముందు 'ఇన్'. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. అది యూనివర్సిటీ కాబట్టి 'రాధాకృష్ణన్ టాట్ ఎట్ ఆక్స్‌ఫర్డ్' అంటాం. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం మద్రాసులో నేర్పారు. అది ఊరు కాబట్టి 'హీ టాట్ కూచిపూడి ఇన్ మద్రాస్' అవుతుంది.

'ఐ టీచ్ ఇంగ్లిష్' అంటే ఇంగ్లీషు సబ్జెక్టు చెబుతానని. 'ఐ టీచ్ ఇన్ ఇంగ్లిష్' అంటే ఇంగ్లీషు మీడియంలో చెబుతానని. సైన్స్ టీచర్లు ఇంటర్వ్యూలో ఈ 'ఇన్' మర్చిపోతే మీ సబ్జెక్టే మారిపోతుంది. 'ఐ టీచ్ సైన్స్ ఇన్ ఇంగ్లిష్' అని మొత్తం చెప్పేయండి.

3.5. సొంతంగా నేర్చుకున్నప్పుడు

'ఎక్సెల్ సొంతంగా నేర్చుకున్నాను' అనడానికి 'ఐ టాట్ మైసెల్ఫ్ ఎక్సెల్' అనాలి. రెజ్యూమెలో 'సెల్ఫ్-టాట్' అని రాయవచ్చు. 'రామానుజన్ టాట్ హిమ్‌సెల్ఫ్ అడ్వాన్స్‌డ్ మ్యాథమేటిక్స్' అన్న వాక్యాన్ని నమూనాగా పెట్టుకోండి.

3.6. నేర్పినవాళ్లు ఎవరో చెప్పనక్కర్లేనప్పుడు

'మాకు బడిలో ఇది చెప్పలేదు' అనడానికి 'వి వర్ నాట్ టాట్ దిస్ ఎట్ స్కూల్'. సబ్జెక్టును ముందు పెడితే 'ఇంగ్లిష్ ఈజ్ టాట్ ఫ్రమ్ ఫస్ట్ క్లాస్'. 'ఈజ్ టీచింగ్' అంటే ఇంగ్లీషే ఎవరికో పాఠం చెబుతోందని అర్థం వస్తుంది.

ఈ మెట్టు దిగేముందు చూసుకోవాల్సినవి:

- మనిషి క్రియ పక్కనే ఉంటే 'టు' తీసేశానా?
- విషయం ముందుంటే మనిషి ముందు 'టు' పెట్టానా?
- పని నేర్పితే 'టు' లేదా 'హౌ టు' పెట్టానా?
- నేర్పినా రాకపోతే 'ట్రైడ్ టు టీచ్' అన్నానా?

### 4. కాలం: ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు

ఇంటర్వ్యూలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. 'నేను ఐదేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను' అన్న వాక్యానికి 'ఐ యామ్ టీచింగ్ ఫిజిక్స్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అంటారు. రెండు తప్పులు. సరైనది: 'ఐ హావ్ బీన్ టీచింగ్ ఫిజిక్స్ ఫర్ ఫైవ్ ఇయర్స్'.

ఎంతకాలం అని చెబితే 'ఫర్'. ఎప్పటినుంచి అని చెబితే 'సిన్స్': 'ఐ హావ్ బీన్ టీచింగ్ సిన్స్ 2019'.

మానేసిన ఉద్యోగానికి 'టాట్' మాత్రమే: 'ఐ టాట్ ఎట్ ఎ ప్రైవేట్ స్కూల్ ఫర్ టూ ఇయర్స్'. ఇక్కడ 'హావ్ బీన్' వాడితే ఇంకా అక్కడే చేస్తున్నారని అనుకుంటారు. బోర్డులో ఉన్నవాళ్లు వెంటనే 'మరి రిలీవ్ అవుతారా?' అని అడుగుతారు, మీరు తికమక పడతారు.

మీ రోజువారీ వృత్తికి 'ఐ టీచ్'. 'ఐ యామ్ టీచింగ్' తాత్కాలికమైన దానికి. తొమ్మిదో తరగతి టీచర్ సెలవులో ఉంటే ఈ నెల మీరు చూస్తున్నారనుకోండి, 'దిస్ మంత్ ఐ యామ్ టీచింగ్ నైన్త్ క్లాస్ టూ' అనవచ్చు.

### 5. తెలుగు మాటను బట్టి ఇంగ్లీషు మాట ఎంచుకోవడం

తెలుగులో 'చెప్పు' ఒక్కటే చాలా పనులు చేస్తుంది. పాఠం చెబుతాం, కథ చెబుతాం, లెక్క చెబుతాం, బుద్ధి చెబుతాం. ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో మాట.

పాఠం చెప్పారు, చదువు చెప్పారు: 'టాట్'. 'టోల్డ్' వాడకూడదు. కథకు, కబురుకు మాత్రమే 'టోల్డ్'.

ఈ లెక్క నాకు చెప్పండి: ఒక చిన్న ముక్క అర్థం కావాలంటే 'ఎక్స్‌ప్లెయిన్'. ఇక్కడే పెద్ద మెలిక ఉంది. 'టీచ్'కు 'టు' వద్దన్నాను, 'ఎక్స్‌ప్లెయిన్'కు 'టు' కావాలి. 'టీచ్ మి' సరే, 'ఎక్స్‌ప్లెయిన్ మి' తప్పు. 'ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దిస్ టు మి' అనాలి. తెలుగులో రెంటికీ 'నాకు' అనే వస్తుంది కాబట్టి మనకు తేడా తెలియదు. ఈ జంటను పక్కపక్కన రాసి గోడకు అంటించుకోమని నా సలహా.

చదువు చెప్పించారు, నేర్పిస్తున్నాం: 'మా పాపకు సంగీతం నేర్పిస్తున్నాం' అంటే మనం నేర్పడం లేదు, క్లాసులకు పంపుతున్నాం. 'వి ఆర్ టీచింగ్ హర్ మ్యూజిక్' అంటే మీరే హార్మోనియం ముందు కూర్చున్నారని అనుకుంటారు. 'షీ ఈజ్ టేకింగ్ మ్యూజిక్ లెసన్స్' అనండి. 'నాన్న నాకు చదువు చెప్పించారు' అన్నదాన్ని 'మై ఫాదర్ టాట్ మి' అని చెబితే ఆయన పంతులు అయిపోతారు. ఆయన చేసింది ఖర్చు పెట్టడం, పంపడం. 'మై ఫాదర్ పెయిడ్ ఫర్ మై ఎడ్యుకేషన్' లేదా 'మై ఫాదర్ సెంట్ మి టు కాలేజ్' అంటే ఆయన పడ్డ కష్టం కూడా వినేవాళ్లకు చేరుతుంది.

శిక్షణ ఇచ్చారు: ఉద్యోగానికి, ఒక నిర్దిష్టమైన పనికి తయారుచేస్తే 'ట్రెయిన్'. హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ గురించి 'ఇట్ ట్రెయిన్స్ ఐపీఎస్ ఆఫీసర్స్' అంటాం. ఆటకు, పోటీకి అయితే 'కోచ్': 'గోపీచంద్ కోచ్‌డ్ సింధు'.

ఆదేశించారు: 'ఇన్‌స్ట్రక్ట్' అంటే నేర్పడమనే అర్థం ఉన్నా, ఆఫీసు వాడుకలో ఎక్కువగా ఆదేశించడమే. 'ద హెచ్ఎమ్ ఇన్‌స్ట్రక్టెడ్ అస్ టు సబ్మిట్ ద మార్క్స్'.

నీతులు చెప్పారు: అడగకుండా ఎడతెగని నీతులు చెబితే 'ప్రీచ్'. దీనిలో విసుగు ఉంటుంది, గురువుల గురించి వాడకండి.

### 6. మన దగ్గర ఒక అర్థం, బయట ఇంకో అర్థం

విదేశాలకు వెళ్లేవాళ్లు దీన్ని రెండుసార్లు చదవండి.

ట్యూషన్. మన దగ్గర సాయంత్రం పూట ఇంటి దగ్గర చెప్పే చదువు. అమెరికాలో కాలేజీకి కట్టే ఫీజు. వీసా ఇంటర్వ్యూలో 'హూ ఈజ్ పేయింగ్ యువర్ ట్యూషన్?' అని అడిగితే, 'ఐ డిడ్ నాట్ గో టు ట్యూషన్' అని చెప్పే ప్రమాదం ఉంది. ఫీజు ఎవరు కడతారన్నదే ప్రశ్న: 'మై పేరెంట్స్' అనో, 'ఐ హావ్ ఎన్ ఎడ్యుకేషన్ లోన్' అనో చెప్పాలి. మన అర్థంలోని ట్యూషన్‌కు అక్కడ 'ట్యూటరింగ్' అంటారు, చెప్పేవాళ్లు 'ట్యూటర్'.

క్లాస్ తీసుకోవడం. మన స్కూళ్లలో 'సర్ ఈజ్ టేకింగ్ క్లాస్' అంటే పాఠం చెబుతున్నారని. అమెరికాలో 'టేక్ ఎ క్లాస్' అంటే విద్యార్థిగా చేరడం. మీరు లెక్చరర్‌గా పనిచేసి ఉండి 'ఐ టుక్ కెమిస్ట్రీ క్లాసెస్' అని రాస్తే, కెమిస్ట్రీ చదువుకున్నారని అనుకుంటారు. మీ అనుభవమంతా ఒక్క మాటలో కొట్టుకుపోతుంది. 'ఐ టాట్ కెమిస్ట్రీ' అని రాయండి.

ఫ్యాకల్టీ. కోచింగ్ సెంటర్లలో 'ఆయన మా ఫిజిక్స్ ఫ్యాకల్టీ' అనడం మామూలు. బయట 'ఫ్యాకల్టీ' అంటే అధ్యాపకుల సమూహం. ఒక్కరినైతే 'ఎ ఫ్యాకల్టీ మెంబర్' అనాలి.

టీచింగ్ అసిస్టెంట్. అమెరికా యూనివర్సిటీల్లో సాధారణంగా పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు చేసే పని. ప్రొఫెసర్ కోర్సులో పేపర్లు దిద్దడం, ల్యాబ్ చూసుకోవడం, సందేహాలు తీర్చడం ఉంటాయి. బ్రిటన్ స్కూళ్లలో ఇదే పేరున్నవాళ్లు తరగతి గదిలో టీచర్‌కు సాయం చేస్తారు. దరఖాస్తు చేసే ముందు ఏ దేశమో చూసుకోండి.

### 7. టీచింగ్, టీచింగ్స్, టీచర్

'టీచింగ్' అంటే బోధన. దానికి బహువచనం చేయకండి. 'సర్ టీచింగ్స్ ఆర్ గుడ్' అంటే ఆయన ఏదో ధర్మాన్ని బోధించిన మహాత్ముడన్నట్టు ఉంటుంది. 'టీచింగ్స్' బుద్ధుడి ఉపదేశాల లాంటివాటికి. క్లాసు గురించైతే 'హీ టీచెస్ వెల్' చాలు.

జతపదాలు కొన్ని: 'టీచింగ్ ఎక్స్‌పీరియన్స్', 'టీచింగ్ స్టాఫ్', బీఈడీలో 'టీచింగ్ ప్రాక్టీస్'. 'టీచింగ్ హాస్పిటల్' అంటే మన పత్రికలు రాసే బోధనాసుపత్రి. సికింద్రాబాద్ గాంధీ, విశాఖ కేజీహెచ్ అలాంటివే.

'ఇంగ్లిష్ టీచర్' అనేటప్పుడు ఊనిక ఎక్కడ పడుతుందో చూసుకోండి. 'ఇంగ్లిష్' మీద ఊనితే ఇంగ్లీషు చెప్పే టీచర్. 'టీచర్' మీద ఊనితే ఇంగ్లండ్ దేశపు టీచర్. రాతలో స్పష్టత కావాలంటే 'ఎ టీచర్ ఆఫ్ ఇంగ్లిష్' అని రాయవచ్చు.

### 8. జాతీయాలు, ఒక హెచ్చరిక

హెచ్చరిక ముందు. డెమో క్లాసులో 'ఈరోజు మీకు ఒక పాఠం చెబుతాను' అనుకుని 'టుడే ఐ విల్ టీచ్ యు ఎ లెసన్' అనకండి. ఇంగ్లీషులో 'టీచ్ సమ్‌వన్ ఎ లెసన్' అంటే గుణపాఠం చెప్పడం, తగిన శాస్తి చేయడం. పిల్లల్ని బెదిరించినట్టు వినిపిస్తుంది. 'టుడే వి ఆర్ గోయింగ్ టు లెర్న్ అబౌట్ ఫోటోసింథసిస్' అని మొదలుపెట్టండి. నాకైతే ఈ వాక్యం ఇంకో కారణానికి కూడా నచ్చుతుంది: ఇందులో టీచరూ పిల్లలతో కలిసి కూర్చున్నట్టు ఉంటుంది.

ఇంకొన్ని:

- 'దట్ విల్ టీచ్ యు': చెప్పినా వినకుండా దెబ్బతిన్నవాళ్లతో అంటారు. 'బాగా అయింది, ఇప్పుడైనా బుద్ధి తెచ్చుకో' అన్నట్టు.
- 'టీచ్ యువర్ గ్రాండ్‌మదర్ టు సక్ ఎగ్స్': మన 'తాతకు దగ్గులు నేర్పినట్టు'. అనుభవజ్ఞులకు మనం నేర్పబోవడం.
- 'యు కాన్ట్ టీచ్ ఎన్ ఓల్డ్ డాగ్ న్యూ ట్రిక్స్': 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెతకు దగ్గర. ఇందులో కుక్క ఉంది కాబట్టి పెద్దవాళ్ల ఎదుట వాడకండి.

ఇవి అర్థం చేసుకోవడానికి. ఇంటర్వ్యూలో వాడటానికి కాదు.

### 9. పరుగు మీద చూసుకునే దిద్దుబాట్లు

- 'హీ టాట్ టు మి హిందీ' తప్పు. 'హీ టాట్ మి హిందీ' ఒప్పు.
- 'హీ టాట్ హిందీ మి' తప్పు. 'హీ టాట్ హిందీ టు మి' ఒప్పు.
- 'షీ టాట్ మి డ్రైవ్' తప్పు. 'షీ టాట్ మి టు డ్రైవ్' ఒప్పు.
- 'షీ టీచ్ మ్యాథ్స్' తప్పు. 'షీ టీచెస్ మ్యాథ్స్' ఒప్పు.
- 'డిడ్ హీ టాట్ యు?' తప్పు. 'డిడ్ హీ టీచ్ యు?' ఒప్పు. 'డిడ్' వచ్చాక గతకాలం పని అది చూసుకుంటుంది.
- 'హూ డిడ్ టీచ్ యు?' మామూలుగా అనరు. 'హూ టాట్ యు?' ఒప్పు.
- 'ఐ లెర్న్‌ట్ బై మై ఫాదర్' తప్పు. 'ఐ లెర్న్‌ట్ ఇట్ ఫ్రమ్ మై ఫాదర్' ఒప్పు. 'బై' రావాలంటే 'ఐ వాజ్ టాట్ బై మై ఫాదర్'.

### 10. సాధన వరస, పరీక్ష

మొదట మీ పది వాక్యాలను మనిషి ముందుండే వరసలో రాయండి. తర్వాత కుదిరినవాటిని విషయం ముందుండే వరసలోకి మార్చండి. ఆ తర్వాత వాటినే ప్రశ్నలుగా మార్చండి. ఈ మూడూ ఒకే రోజు చేయకండి, ఒక వరస నోటికి తిరిగాకే రెండోదానికి వెళ్లండి. చివరగా ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. 'టాట్' పక్కన అనవసరమైన 'టు' దూరిందేమో చెవికి ఇట్టే తెలుస్తుంది.

ఇప్పుడు ఈ వాక్యాలను జవాబులు చూడకుండా ఇంగ్లీషులో చెప్పండి:

1. మా అన్నయ్య నాకు కారు నడపడం నేర్పాడు.
2. నేను ఆరేళ్లుగా బయాలజీ చెబుతున్నాను.
3. మా అబ్బాయికి మృదంగం నేర్పిస్తున్నాం.
4. మేడమ్, ఈ లెక్క నాకు చెప్పండి.
5. ఎంత నేర్పినా మా తాతయ్యకు స్మార్ట్‌ఫోన్ వాడటం రాలేదు.
6. కోడింగ్ నేను సొంతంగా నేర్చుకున్నాను.
7. నాన్న అప్పు చేసి మాకు చదువు చెప్పించారు.
8. మీకు తెలుగు ఎవరు చెప్పారు?

జవాబులు:

1. మై బ్రదర్ టాట్ మి టు డ్రైవ్.
2. ఐ హావ్ బీన్ టీచింగ్ బయాలజీ ఫర్ సిక్స్ ఇయర్స్.
3. అవర్ సన్ ఈజ్ టేకింగ్ మృదంగం లెసన్స్.
4. మేడమ్, ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దిస్ ప్రాబ్లమ్ టు మి.
5. ఐ ట్రైడ్ టు టీచ్ మై గ్రాండ్‌ఫాదర్ హౌ టు యూజ్ ఎ స్మార్ట్‌ఫోన్, బట్ హీ కుడ్ నాట్ లెర్న్.
6. ఐ టాట్ మైసెల్ఫ్ కోడింగ్.
7. మై ఫాదర్ బారోడ్ మనీ టు పే ఫర్ అవర్ ఎడ్యుకేషన్.
8. హూ టాట్ యు తెలుగు?

ఒకటి, ఐదు, ఆరు తప్పితే మూడో మెట్టు మళ్లీ చదవండి. రెండు తప్పితే నాలుగో మెట్టు. మూడు, నాలుగు, ఏడు తప్పితే ఐదో మెట్టు. ఎనిమిదో వాక్యంలో 'డిడ్' వచ్చి ఉంటే తొమ్మిదో మెట్టులో 'హూ టాట్ యు?' దగ్గర ఆగి, మీ పది వాక్యాలకూ 'హూ'తో మొదలయ్యే ప్రశ్నలు రాయండి.